రెండు తలల సబ్బు

పోయిన వారం లంద గురించి రాశాక నలుగురైదుగురు మిత్రులు ఫోన్ చేశారు. అందులో ఒకాయన పెద్దాయన, ఉద్యమంలో నాకంటే ముందు నుంచి ఉన్న మనిషి. కొంచెం విసుగ్గానే అన్నాడు: "నువ్వు తెలుగుల డాక్టరేట్ చేసినోడివి. కవిత్వం మీద రాయి, కథల మీద రాయి. తోలు, సున్నం, కరక్కాయ... ఈ కెమిస్ట్రీ అంత మనకెందుకే?" ఫోన్లో నేను చెప్పిన జవాబు ఆయనకు ఆనలేదు. ఈ వారం ఆయన్ని ఇంకా విసిగిస్తాను. ఇవాళ రాస్తున్నది అచ్చంగా కెమిస్ట్రీ. జన్యువును కణంలోకి మోసుకుపోయే ఒక రకం సబ్బు గురించి, ఆ సబ్బును అణువుల లెక్కన తూచే ఒక యంత్రం గురించి.

నాకు ఇదంతా నేర్పింది నా విద్యార్థి. జనగామలో డిగ్రీ చదివేటప్పుడు నా తెలుగు క్లాసులో మూడో బెంచీలో కూర్చునేది. వాళ్లది మహదేవపూర్ వైపు పల్లె. తండ్రి భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్‌లో కాంట్రాక్టు కూలీ. డిగ్రీ దాకా తెలుగు మీడియం, అన్నీ హాస్టళ్లే. ఇప్పుడు హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్నది. పేరు రాయొద్దన్నది, రాయను. పోయిన ఫిబ్రవరిలో సైన్స్ దినోత్సవానికి మహబూబాబాద్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వచ్చి మాట్లాడమని పిలిస్తే, ముందు నాకు ఫోన్ చేసింది. "సార్, నేను చేసే పని తెలుగుల చెప్పాలె. ఇంగ్లీషుల అయితే పది నిమిషాలల్ల చెప్త. తెలుగుల మొదటి వాక్యమే వస్తలేదు" అన్నది. ఆదివారాలు మా ఇంట్లో కూర్చుని ఆ మొదటి వాక్యం కోసం వెతికాం. అది సబ్బు దగ్గర దొరికింది.

సబ్బు అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు నూనె అంటే ఇష్టం. బట్టకు పట్టిన జిడ్డులోకి తోకలన్నీ దూరతాయి, తలలు నీళ్ల వైపు తిరిగి ఉంటాయి. జిడ్డు చిన్న ఉండలాగా విడివడి నీళ్లతో కొట్టుకుపోతుంది. ఇంతే సంగతి. ఇంగ్లీషులో సర్ఫాక్టెంట్ అని పెద్ద పేరు. కుంకుడుకాయ నురుగు కూడా ఇదే పని చేస్తుంది. దాని తల చక్కెరలతో కట్టింది, తోక వేరే రకం.

మా ఊళ్లో చాకలోళ్లు సబ్బు కొనని రోజుల్లో సవుడు మన్ను తెచ్చేవాళ్లు. చెరువు కింద తెల్లగా పొంగిన మన్ను. అందులో ఉండేది సోడా క్షారం. ఆ నీళ్లలో బట్టలు నానేసి ఉబ్బ పెడితే, బట్టలకు పట్టిన చెమట జిడ్డులోని కొవ్వు ఆమ్లాలు ఆ క్షారంతో కలిసి అక్కడికక్కడే సబ్బు అవుతాయి. అంటే బట్టకున్న మురికితోనే, ఆ మురికిని వదలగొట్టే సబ్బును తయారు చేశారు. మా జనగామ జిల్లా పాలకుర్తి అంటే తెలుగు డిపార్టుమెంటులో పాల్కురికి సోమనాథుడు, బమ్మెర అంటే పోతన. జనానికి పాలకుర్తి అంటే చాకలి ఐలమ్మ. విసునూరు దొర మీద భూమి కోసం నిలబడ్డ ఐలమ్మను మనం బాగానే తలుచుకుంటాం. ఆమె కులం చేతుల్లో ఉన్న క్షార రసాయనం మాత్రం మన సాహిత్య వ్యాసాల్లో ఎక్కడా కనపడదు. లంద కూడా అంతే. తంగేడు చెక్కలో ఏముందో, సున్నంలో నానేస్తే వెంట్రుక ఎందుకు ఊడుతుందో మా నాయినమ్మకు పేర్లు తెలియవు గానీ, ఎంతసేపు నానాలో, ఎప్పుడు తీయాలో వాసన చూసి చెప్పేది. నా పీహెచ్‌డీలో ఇవి వృత్తి పదాలు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వ్యవసాయం మీద, రెండోది 1971లో చేనేత మీద వచ్చాయి. గొప్ప పని, కాదనను. ఆ వరుసలో ఏది ముందు వచ్చిందో చూసుకుంటే మాత్రం నాకొక ముచ్చట అర్థమవుతుంది.

సరే, సబ్బు దగ్గరికి వద్దాం.

ఒంట్లో ఒక జన్యువు చెడిపోతే రోగం వస్తుంది. మంచి జన్యువును తయారు చేయడం ఇప్పుడు కష్టం కాదు. దాన్ని కణం లోపలికి చేర్చడం కష్టం. డీఎన్ఏ పొడుగైన పోగు, ఒళ్లంతా రుణావేశం. కణం పొర మీద కూడా రుణావేశమే ఎక్కువ. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. పైగా ఆ పొర కొవ్వుతో కట్టింది, దారిలో డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైములున్నాయి. కాబట్టి మోసుకుపోయేవాడు కావాలి. ఒక దారి వైరస్. మనం కరోనాలో వేయించుకున్న కోవిషీల్డ్ అదే పద్ధతి: రోగం తేలేని ఒక వైరస్‌లో ఒక జన్యువు పెట్టి భుజంలోకి పంపారు. అది మన జన్యువుల్లో కలవలేదు, తన పని చేసి పోయింది. మన తండాల్లో, గూడేల్లో, వాడల్లో కోట్ల మంది భుజాల్లోకి జన్యు రవాణా ఇప్పటికే ఒకసారి జరిగిందన్న మాట. మనకెవరూ ఆ మాటతో చెప్పలేదు.

రెండో దారి సబ్బు లాంటి అణువులు. మామూలు సబ్బు పనికిరాదు, దాని తల రుణావేశం. డీఎన్ఏను పట్టుకోవాలంటే తల మీద ధనావేశం ఉండాలి. ఇలాంటివి మన ఇళ్లలోనే ఉన్నాయి. సావ్లాన్‌లో ఉండే సెట్రిమైడ్, తలకు రాసుకునే కండిషనర్‌లో ఉండే సెట్రిమోనియం ఆ జాతివే. నైట్రోజన్ పరమాణువు చుట్టూ నాలుగు కార్బన్ చేతులు, దాని మీద ఎప్పటికీ పోని ధనావేశం. 1987లో అమెరికాలో ఫెల్గ్‌నర్ బృందం ఇలాంటి కొవ్వు అణువుతో డీఎన్ఏను కణాల్లోకి పంపవచ్చని చూపించింది. మన హైదరాబాద్‌లో తార్నాక ఐఐసీటీలో అరబింద చౌధురి బృందం ఏళ్ల తరబడి ఈ ధనావేశపు కొవ్వు అణువుల మీదే పని చేసింది, తల మార్చి, తోక మార్చి, మధ్యలో లంకె మార్చి. జాతీయ మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రం కూడా ఆ ప్రాంగణంలోనే ఉండేది. నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఆ గోడ పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని కూడా తోచలేదు. ఆ గోడ అవతలి పని మనది కాదని ఎవరో చెప్పినట్టే ఉండేది, ఎవరూ చెప్పకపోయినా.

నా విద్యార్థి చూసేవి ఇంకో రకం. ఒక తల, ఒక తోక ఉన్న రెండు సబ్బు అణువులను తలల దగ్గర చిన్న గొలుసుతో కట్టేస్తారు. రెండు తలలు, రెండు తోకలు. కవల పిల్లల పేరు మీద జెమినై అంటారు. కెనడాలో సస్కచెవాన్ విశ్వవిద్యాలయం వాళ్లు వీటి మీద చాలా పని చేశారు. ఇల్డికో బాడియా, రోనాల్డ్ వెరల్ తదితరులు వీటితో ఒక జన్యువును ఎలుకల చర్మం మీద రాసి లోపలికి పంపించారు. చర్మం గట్టిపడిపోయే స్క్లెరోడర్మా అనే జబ్బు కోసం ఆ ప్రయత్నం. అది 2005 నాటి ముచ్చట. అక్కడే అనాస్ ఎల్-అనీద్ బృందం ఈ అణువులను మాస్ స్పెక్ట్రోమెట్రీతో విడదీసి చదివే పద్ధతులు కట్టింది. "మేం చదువుకునే పేపర్లల్ల సగం వాళ్లయే సార్" అంటుంది మా పిల్ల.

ఒక చిక్కుంది. కణం పొర కూడా కొవ్వే కదా. సబ్బు దాన్నీ చీల్చేస్తుంది. చేతులు సబ్బుతో కడిగితే కరోనా చచ్చింది అందుకే. జన్యువును మోసుకుపోవాల్సిన అణువు, చేరిన ఇంటినే కూలగొట్టవచ్చు. కాబట్టి ఎంత పంపాం, అందులో లోపల ఎంత మిగిలింది, ఎన్ని గంటలకు పోయింది, పోయేటప్పుడు విరిగి ఏమేం ముక్కలైంది అన్నది తెలియాలి. మందుకూ విషానికీ తేడా తూకంలోనే ఉంది. ఈ అణువులు కాంతిని పీల్చుకునే రకం కావు, వెలుగుతో కొలిచే పరికరాలకు కనపడవు. ఎటూ ఆవేశం మోసుకుని తిరుగుతున్నాయి కాబట్టి మాస్ స్పెక్‌కు మాత్రం బాగా దొరుకుతాయి.

ఇక్కడే నాకు అసలైన ఆనందం దొరికింది. మిగతాది ఎక్కువ రాస్తే క్షమించండి.

అణువును ఎట్లా తూస్తారు? త్రాసులో పెట్టలేం. దానికి ఆవేశం ఇచ్చి, గాలి లేని గొట్టంలో ఎగరేసి, విద్యుత్ క్షేత్రంలో ఎటు వంగిందో, ఎంత ఊగిందో చూసి బరువు చెబుతారు. ముందు ద్రావణాన్ని సన్నని సూది గుండా పంపి, సూదికి కొన్ని వేల వోల్టుల కరెంటు పెడతారు. సూది కొసన సన్నని తుంపర లేస్తుంది. తుంపర ఆరుతూ ఆరుతూ పోయి చివరికి ఆవేశం ఉన్న అణువులు ఒంటరిగా మిగులుతాయి. దీన్ని ఎలక్ట్రోస్ప్రే అంటారు. పెద్ద అణువులకు ఈ పద్ధతి పనికొస్తుందని 1980లలో నిరూపించిన జాన్ ఫెన్‌కు 2002లో నోబెల్ వచ్చింది, అప్పటికి ఆయనకు 85 ఏళ్లు. ఆ ఏడాది రసాయన నోబెల్ పంచుకున్న ఇంకొకాయన జపాన్‌కు చెందిన కొయిచి తనాకా. ఆయనకు పీహెచ్‌డీ లేదు. ఇంజనీరింగ్ డిగ్రీతో క్యోటోలో షిమాడ్జు అనే పరికరాల కంపెనీలో ఉద్యోగి. పొరపాటున కోబాల్టు పొడిలో గ్లిజరిన్ కలిపేసి, ఖరీదైన పొడి పారేయడం ఇష్టం లేక అదే వాడి చూశాడు. పెద్ద అణువులు పగలకుండా ఎగిరాయి. మన దగ్గర ఎవరైనా పీహెచ్‌డీ లేకుండా అట్లాంటి మాట చెబితే, వినడానికి ముందు ఏం అడుగుతారో మీకు తెలుసు.

యంత్రం చెప్పేది నేరుగా బరువు కాదు. బరువును ఆవేశంతో భాగించిన అంకె. మా పిల్ల ఉదాహరణకు తీసుకున్న అణువుకు ఒక్కో తోకలో 16 కార్బన్లు, మధ్య గొలుసులో 3. బ్రోమైడును పక్కన పెడితే మొత్తం బరువు 580.66 డాల్టన్లు. రెండు తలలు, రెండు ఆవేశాలు కాబట్టి తెర మీద గీత 290.33 దగ్గర లేస్తుంది. "అంటే సగం బరువు చూపిస్తున్నది. అది రెండు ఆవేశాలున్న పెద్ద అణువో, ఒక్క ఆవేశమున్న చిన్న అణువో ఎట్లా తెలుస్తది బిడ్డా?" అని అడిగాను. నవ్వింది. కార్బన్లలో నూటికొకటి కొంచెం బరువైనది ఉంటుందట, ఒక యూనిట్ ఎక్కువ. అందుకే పెద్ద గీత పక్కన చిన్న గీత లేస్తుంది. ఒక్క ఆవేశముంటే ఆ రెండు గీతల మధ్య దూరం ఒకటి. రెండు ఆవేశాలుంటే ఆ దూరం కూడా రెండుతో భాగించబడి అర అవుతుంది. గీతల మధ్య సందు చూసి ఎన్ని తలలున్నాయో చెప్పొచ్చు. ఛందస్సులో గణ విభజన మొదటిసారి అర్థమైన రోజు నాకు ఎట్లా అనిపించిందో సరిగ్గా అట్లా అనిపించింది.

ఇంకొకటి చెప్పింది. బరువు ఒక్కటి సరిపోదు, ఒకే బరువున్న వేరు వేరు అణువులుంటాయి. అందుకని యంత్రంలో మొదటి గది మనకు కావలసిన 290.33ను మాత్రమే లోపలికి వదులుతుంది. రెండో గదిలో నైట్రోజనో ఆర్గానో నింపి ఉంటుంది, అణువు పోయి ఆ వాయువును గుద్దుకుని విరుగుతుంది. మూడో గది ఆ ముక్కలను తూస్తుంది. ముక్కల బరువులు చూసి అణువు ఎట్లా కట్టి ఉందో వెనక్కి చదువుతారు. ఈ రెండు తలల సబ్బు విరిగినప్పుడు ఒక వింత జరుగుతుంది. మధ్య గొలుసు తెగి, చెరొక ఆవేశం పంచుకుని రెండు ముక్కలైతే, ఒక ముక్క 310 దగ్గర, ఇంకొకటి 270 దగ్గర కనపడతాయి. మొత్తం అణువు ఉన్నది 290 దగ్గర. ముక్క అంకె మొత్తం కంటే పెద్దది! ఇందులో మాయ లేదు. మొత్తం అణువును రెండుతో భాగించి చూపించారు, ముక్కను ఒకటితో. 310, 270 కలిపితే మళ్లీ 580. మహబూబాబాద్ హాస్టల్‌లో ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు తామే కూడి చూసి, ఒక్కసారిగా "ఆఁ" అన్నారు. ఆ "ఆఁ" నేను పద్యం చెప్పినప్పుడు ఎన్నడూ వినలేదు.

కణం లోపల ఎంత మిగిలిందో తేల్చడానికి తూకం రాయి లాంటిది ఒకటి వాడతారు. అదే అణువులో కొన్ని హైడ్రోజన్ల స్థానంలో బరువు హైడ్రోజన్లు పెట్టి, తెలిసినంత కలుపుతారు. నడత అంతా ఒకటే, బరువు మాత్రం వేరు. రెండు గీతల ఎత్తులు పోల్చి చూస్తే తెలియనిది తెలుస్తుంది.

ఈ సబ్బుతో పని చేసేవాళ్లకు సబ్బే పెద్ద తలనొప్పి. గాజుకు అంటుకుంటుంది, గొట్టాలకు అంటుకుంటుంది, నిన్నటి నమూనా ఇవాళ్టి నమూనాలో ప్రత్యక్షమవుతుంది. గాజుసామాను డిటర్జెంట్‌తో కడిగితే ఆ మిగులు వచ్చి మిగతా అణువుల గీతలను మింగేస్తుంది. అందుకే ఆ ల్యాబులో సబ్బు ముట్టుకోరు, మిథనాల్‌తోనే కడుగుతారు. "మా దగ్గర సబ్బే మైల సార్" అన్నది. నేను ఆ వాక్యం రాసి పెట్టుకున్నాను.

ఆ ల్యాబుకు రాకముందు ఆమె ఇంకొక చోట పని చేసింది. ఎక్కడో రాయను. అక్కడ మొదటి ఏడాదంతా ఆమెకు అప్పగించింది ఆ గాజుసామాను కడగడమే. యంత్రం మీద చేయి పెట్టనిచ్చింది లేదు. ఆమెతో పాటే చేరిన ఇంకొక అబ్బాయికి మూడో వారంలోనే యంత్రం వాడే వంతు వచ్చింది. ఎందుకని అడిగితే, "నీకు ఫెలోషిప్ ఎట్లాగూ వస్తది గదా, తొందరేంది" అన్నారట. ఇంకొకసారి, "మీవాళ్లు ఆర్ట్స్‌లో బాగా రాణిస్తరు" అని మెచ్చుకోలుగా అన్నారట. ఆ మెచ్చుకోలు ఎంత బరువుంటుందో మనకు యంత్రం అక్కర్లేదు. ఆమె ఏడ్చి ఊరికి రాలేదు. రాత్రిపూట యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు, అక్కడి టెక్నీషియన్ ఒకాయన దగ్గర పని నేర్చుకుంది. ఆయనకూ పీహెచ్‌డీ లేదు. యంత్రం శబ్దం విని ఏ పంపు అలిసిపోయిందో చెప్పే మనిషి. మా నాయినమ్మ వాసన చూసి తోలు సంగతి చెప్పినట్టే.

ఇక మాటల సంగతి. మాస్ స్పెక్ట్రోమెట్రీకి తెలుగులో ద్రవ్యరాశి వర్ణపటమితి అంటారు. సర్ఫాక్టెంట్‌కు ఉపరితల క్రియాశీల పదార్థం. ద్రవ్యరాశి పరవాలేదు, బడి పుస్తకాల్లో ఉంది, పిల్లలకు తెలుసు. వర్ణపటమితి అనగానే మహబూబాబాద్ పిల్లలకు అది ఇంగ్లీషు కంటే దూరం. నేను తెలుగు చదువుకున్న మనిషిగా ఈ మాట కోపంతోనే రాస్తున్నాను: మన పిల్లలకు ఇంగ్లీషు ఒక గోడ అయితే, పండితులు కట్టిన తెలుగు ఇంకొక గోడ. తెలుగు మీడియం వద్దనే మిత్రుల వాదన నాకు అర్థమవుతుంది, చాలావరకు ఒప్పుకుంటాను కూడా. కానీ ఇంగ్లీషులో నేర్చుకున్న పిల్ల తిరిగి తల్లికి చెప్పాలంటే ఏ మాటల్లో చెప్పాలి? మేం చివరికి మాస్ స్పెక్‌ను మాస్ స్పెక్ అనే ఉంచాం. మిగతావి తల, తోక, లంకె, తూకం రాయి, తుంపర. గుద్దుకుని విరగడానికి విరగడమే. ఒక్క "శుద్ధత" అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. తయారు చేసిన అణువు ఎంత శుద్ధమో యంత్రం చెబుతుంది కదా, ఆ మాట వాడాలా వద్దా అని. "కల్తీ లేనిది అందాం సార్. శుద్ధి అంటే మా ఊర్ల వేరే అర్థం" అన్నది. కల్తీ అనే ఉంచాం.

ఒక పోలిక మాత్రం నేనే వద్దన్నాను. కణం పొరను అగ్రకులపు వాకిలితో, డీఎన్ఏను బయట నిలబెట్టిన మనిషితో పోల్చాలని ఆమెకు ఉండింది. వినడానికి బాగుంటుంది, చప్పట్లు పడతాయి. కానీ కణం పొర తనను కాపాడుకోవడానికి ఒక కారణం ఉంది, అది లేకపోతే ప్రాణమే లేదు. కులం గోడకు ఆ కారణం లేదు. ప్రకృతిలో కులానికి పోలిక చూపించడం మనువు పని. మనం చేయొద్దు. ఆమె కాసేపు వాదించి, ఒప్పుకుంది.

మహబూబాబాద్‌లో ఆమె గంటన్నర మాట్లాడింది. కుంకుడు నురుగు పిల్లలతోనే చేయించింది. అయిపోయాక ఏజెన్సీ వైపు నుంచి వచ్చిన ఒక కోయ అమ్మాయి లేచి, "అక్కా, మా తమ్మునికి సికిల్ సెల్ ఉన్నది. ఈ సబ్బుతోని నయమైతదా?" అని అడిగింది. హాలంతా నిశ్శబ్దం. నేను బల్ల మీద ఉన్న గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆమె తొందరపడలేదు. ముందు రోగం చెప్పింది. హిమోగ్లోబిన్‌లో బీటా పోగు 146 అమైనో ఆమ్లాల దండ. ఆరో పూస ఒక్కటి మారింది, గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్. దాంతో ఎర్ర కణం కొడవలిలా వంగిపోయి సన్న నాళాల్లో ఇరుక్కుంటుంది, ఆ నొప్పి అదే. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఇది అణువులో వచ్చిన రోగం అని చూపించింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఇంగ్రామ్ ఆ ఒక్క పూసను పట్టుకున్నాడు. "నేను వాడే లాంటి యంత్రంల మీ తమ్ముని రక్తం పెడితే, మామూలు పోగు 15867 దగ్గర రావాలె. సికిల్‌ది 15837 దగ్గర వస్తది. ముప్పై తక్కువ. అంతే తేడా" అన్నది. ఆ అమ్మాయి ముప్పై అని నోట్‌బుక్‌లో రాసుకుంది.

తర్వాత అసలు జవాబు చెప్పింది. "ఈ సబ్బుతోని ఇప్పట్ల కాదు చెల్లె. ఇది ఇంకా కణాల మీద, ఎలుకల మీద చేస్తున్న పని." జన్యువును దిద్ది సికిల్ సెల్‌ను నయం చేసే చికిత్స ఒకటి ఉంది. కాస్‌జెవీ అని, 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్ల పైనే. అందులో సబ్బు లేదు, కరెంటు దెబ్బతో కణం పొరను కొద్దిసేపు తెరుస్తారు. రోగి మూల కణాలు బయటికి తీసి, దిద్ది, మూలుగలో ఉన్న పాత కణాలను కీమోతో చంపి, మళ్లీ ఎక్కిస్తారు. నెలల పాటు పెద్దాసుపత్రి. మోసుకుపోయే కొవ్వు అణువు సరిగ్గా కుదిరితే, ఇదంతా లేకుండా సూదిమందుతోనే మూలుగకు చేర్చవచ్చన్నది ప్రపంచంలో చాలామంది వెంటబడుతున్న ఆశ. మన దేశంలో ఢిల్లీ ఐజీఐబీ వాళ్లు తక్కువ ఖర్చులో ఒక చికిత్స తయారు చేశారని, దానికి బిర్సా 101 అని పేరు పెట్టారని 2025 నవంబరులో ప్రకటించారు. బిర్సా ముండా పేరు పెట్టారు, సంతోషం. పేరు ఆదివాసీది పెట్టినంత సులువుగా మందు గూడేనికి వస్తుందా అన్నది నేను చూస్తూ ఉంటాను, మీరూ చూడండి.

"ఇవాళ్టికి హైడ్రాక్సీయూరియా గోలీ ఉన్నది, నొప్పులు తక్కువ చేస్తది. డాక్టరు చెప్పినట్టు వాడాలె, రక్తపరీక్షలు తప్పొద్దు. తమ్మునికి ఇస్తున్నరా?" అని అడిగింది. ఒకప్పుడు ఇచ్చారట, తర్వాత లేవన్నారట. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఏడు కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన అన్నారు. తెలంగాణ కూడా అందులో ఉంది. కార్డులు ఇచ్చారు. కార్డు చేతిలో ఉండి గోలీ లేకపోతే ఏ కణంలోకీ ఏమీ పోదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మా పిల్ల ఇంకొక ముచ్చట చెప్పింది. వాళ్ల అమ్మగారి ఊరు సిరొంచ. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. విదర్భలో సికిల్ జన్యువు ఆదివాసుల్లోనే కాదు, మహర్లలోనూ బాగా ఉందని ఎన్నో అధ్యయనాలు నమోదు చేశాయి. బాబాసాహెబ్ పుట్టిన కులం. సికిల్ సెల్ ఆదివాసుల రోగం అని ఒక గీత గీసి, పరీక్షలన్నీ గీతకు అటువైపే చేస్తే, ఇటువైపు పిల్లలు "కీళ్ల నొప్పులు" అనే పేరుతో ఆర్ఎంపీల దగ్గర సూదులు వేయించుకుంటూ ఉంటారు. ఇద్దరు తల్లిదండ్రులూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం. చేయాల్సిన మొదటి పరీక్షకు ఈ పెద్ద యంత్రం అక్కర్లేదు, ఒక చుక్క రక్తం చాలు. భూపాలపల్లి జిల్లాలో మన దళితవాడల్లో అది ఎక్కడెక్కడ జరిగిందో మన సంఘాల వాళ్లు పోయి ఆసుపత్రిలో అడగాలి. నేను రెండు దరఖాస్తులు రాసి పెట్టాను, కావలసిన వాళ్లు ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపిస్తాను.

కోయ అమ్మాయి తమ్ముడికి గోలీలు మళ్లీ మొదలయ్యాయని వార్డెన్ మేడం పోయిన నెల ఫోన్ చేసి చెప్పింది. వచ్చే నెల రెండో శనివారం భూపాలపల్లిలో అంబేద్కర్ భవన్ దగ్గర మా పిల్ల మళ్లీ మాట్లాడుతుంది. ఈసారి వినేవాళ్లలో వాళ్ల నాయిన, ఆయనతో పాటు గనిలో పని చేసేవాళ్లు ఉంటారు. బొగ్గు దుమ్ము నీళ్లకు తడవదు, నీళ్లలో ఇట్లాంటి సబ్బు అణువులు కలిపి చల్లితేనే అణుగుతుంది, అక్కడి నుంచి మొదలుపెడతానన్నది. కుంకుడుకాయలు రెండు కిలోలు నన్ను తెమ్మన్నది. జనగామ అంగట్లో మంచివి దొరకడం లేదు, ఎవరి ఇంటి దగ్గరైనా చెట్టుంటే చెప్పండి.

జై భీమ్.